చదవని చట్టాన్ని కాపాడుకోలేం

ముస్లిం పర్సనల్ లా అన్న మాట వినగానే మన సమాజంలో ఒక అప్రమత్తత మేల్కొంటుంది. అది సహజమే. 2023 జూన్ 14న 22వ లా కమిషన్ ఉమ్మడి పౌరస్మృతిపై ప్రజాభిప్రాయం కోరినప్పుడు మన ఊళ్ళలోని మసీదుల్లోనూ, ఇళ్ళలోనూ ఎంత చర్చ జరిగిందో మనకు తెలుసు. ఎందరో తమ అభ్యంతరాలను కమిషన్‌కు పంపారు. అది మన హక్కు, మన బాధ్యత కూడా. అయితే ఆ రోజుల్లో సంతకం చేసిన ప్రతి ఒక్కరూ తమను తాము ఒక ప్రశ్న వేసుకోవలసింది. మనం కాపాడుకోదలచిన ఈ చట్టంలో అసలు ఏముంది? 1937 నాటి షరీఅత్ అప్లికేషన్ చట్టం ఏం చెబుతుంది, ఏం చెప్పదు? మన ఇంటి ఆడబిడ్డకు నికాహ్ నాడు ఏ హక్కులు దఖలు పడతాయి, ఏ సందర్భంలో వాటిని ఎవరి ముందు అడగాలి? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలవారు మన మధ్య ఎందరున్నారు?

ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే. కుటుంబ చట్టాన్ని విశ్వవిద్యాలయ స్థాయిలో, ఒక శాస్త్రంగా, శ్రద్ధగా చదివే తరం మనలోంచి రావాలి. ముఖ్యంగా మన అమ్మాయిలు చదవాలి. ఆ చదువు లేనంత కాలం మన చట్టంలోని లోపాలను సరిదిద్దే పని ఇతరుల చేతిలో ఉంటుంది. ఆ సంస్కరణ పేరుతో జరిగే అన్యాయాన్ని ఎదిరించడానికి మన చేతిలో నినాదం తప్ప మరేమీ ఉండదు.

శామీర్‌పేటలో ఏముంది?

సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వైపు వెళ్ళే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వస్తుంది. అక్కడి జస్టిస్ సిటీలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ప్రత్యేక చట్టంతో ఏర్పడింది. రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దానికి ఛాన్సలర్. దేశంలోని అగ్రశ్రేణి న్యాయ విద్యాసంస్థల్లో ఒకటిగా దానికి పేరుంది. 2012 నుంచి పదేళ్ళపాటు ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నవారు ప్రొఫెసర్ ఫైజాన్ ముస్తఫా. తలాక్ పైనా, ఉమ్మడి పౌరస్మృతి పైనా పత్రికల్లోనూ యూట్యూబ్ ప్రసంగాల్లోనూ సామాన్యులకు అర్థమయ్యే భాషలో వివరించినవారిలో ఆయన ముఖ్యులు.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లోని ముస్లిం కుటుంబాలకు ఈ సంస్థ ఆటోలో వెళ్ళి చేరగలిగినంత దగ్గర. అయినా మన ఆలోచనకు మాత్రం చాలా దూరం. ఇంటర్మీడియట్‌లో పిల్లవాడు చురుకుగా ఉంటే ఇంజనీరింగ్, అమ్మాయి చురుకుగా ఉంటే మెడిసిన్ లేదా ఫార్మసీ. ఈ లెక్కల్లో న్యాయశాస్త్రానికి చోటు దొరకదు. లా చదవడమంటే కోర్టుల చుట్టూ తిరగడమనీ, ఆడపిల్లకు అది తగదనీ మన ఇళ్ళలో ఇంకా అనుకునేవారున్నారు. అదే ఆడపిల్ల రేపు భరణం కోసమో, పిల్లల సంరక్షణ కోసమో కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తే, ఆమెకు తోడు నిలిచే వకీలు మన సంగతులు తెలిసినవారై ఉండాలని మాత్రం అందరం కోరుకుంటాం.

నల్సార్‌లోనే చదవాలని కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం దేశంలో ఏ లా కాలేజీలోనైనా కుటుంబ చట్టం రెండు పేపర్లుగా తప్పనిసరి పాఠ్యాంశం. మూడేళ్ళ కోర్సయినా, అయిదేళ్ళ కోర్సయినా వివాహం, విడాకులు, భరణం, సంరక్షకత్వం, దత్తత, వారసత్వం చదవక తప్పదు. హిందూ, ముస్లిం, క్రైస్తవ, పార్శీ చట్టాలన్నింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చదువుతారు. ఆ పోలికలోనే మన చట్టం విలువ తెలుస్తుంది, దానిలో ఎక్కడ మరమ్మతు అవసరమో కూడా తెలుస్తుంది.

షరీఅత్, ఫిఖ్, కోర్టు చట్టం

ఈ చదువులో మొదట తెలిసే విషయం, మనం సాధారణంగా కలగలిపి మాట్లాడే మూడు సంగతులు వేర్వేరన్నది. దైవదత్తమైన మార్గదర్శనం షరీఅత్. దానిని అర్థం చేసుకోవడానికి ధర్మవేత్తలు చేసిన మానవ ప్రయత్నం ఫిఖ్. అందులో హనఫీ, షాఫయీ, మాలికీ, హంబలీ, జాఫరీ వంటి భిన్న పాఠశాలలున్నాయి. మూడవది, బ్రిటిషు కాలం నుంచి మన న్యాయస్థానాలు తీర్పుల ద్వారా కూర్చుకుంటూ వచ్చిన చట్టం. కోర్టులో ముస్లిం లా పేరుతో అమలయ్యేది ఎక్కువగా ఈ మూడవదే.

దాని పుట్టుక గమనించదగినది. హనఫీ ఫిఖ్‌లో ప్రామాణిక గ్రంథమైన హిదాయాను ఛార్లెస్ హామిల్టన్ 1791లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. మూలం అరబీ; ఆయన అనువదించింది మాత్రం పారసీ అనువాదాన్ని. అరబీ తెలియని ఆంగ్ల న్యాయమూర్తులు ఆ ఇంగ్లీషు ప్రతి ఆధారంగా తీర్పులిచ్చారు. నేటికీ మన కోర్టుల్లో ఎక్కువగా ఉటంకించే ముల్లా గ్రంథాన్ని ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో రాసినవారు దిన్షా ఫర్దూన్‌జీ ముల్లా. ఆయన ముల్లా కాదు, ఒక పార్శీ న్యాయవాది. ఆయన పాండిత్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని ఒక సమాజపు కుటుంబ ధర్మాన్ని తరతరాలుగా ఇతరులు సంక్షిప్తం చేసి చెబుతుంటే, దానిలో ఏది దైవాజ్ఞ, ఏది ధర్మవేత్తల అభిప్రాయం, ఏది అనువాద లోపం అని విడదీసి చెప్పగలవారు ఆ సమాజంలోనే ఉండాలి కదా. సయ్యద్ అమీర్ అలీ, ఆసఫ్ ఫైజీ వంటివారు ఆ పని చేశారు. వారి తరువాత ఆ వరుస మనలో పలచబడింది.

ఇక 1937 చట్టం. అది అరడజను సెక్షన్ల చిన్న చట్టం. వివాహం, విడాకులు, మహర్, భరణం, సంరక్షకత్వం, హిబా, వారసత్వం వంటి విషయాల్లో స్థానిక ఆచారం కాక షరీఅత్ వర్తిస్తుందని మాత్రమే చెబుతుంది. ఆ షరీఅత్ నియమాలేమిటో అందులో రాసి లేదు. అవి ఏమిటో తేల్చే పని న్యాయమూర్తిదీ, ఆయనకు వివరించే వకీలుదీ. అంటే పర్సనల్ లా భవితవ్యం చాలావరకు కోర్టు హాలులో నిలబడి వాదించే మనిషి చదువు మీద ఆధారపడి ఉంది.

సంస్కరణ మనకు కొత్త కాదు

సంస్కరణ అనగానే ధర్మం మీద దాడి అని భయపడేవారు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చరిత్ర చదవాలి. హనఫీ ఫిఖ్ ప్రకారం భర్త అదృశ్యమైనా, పోషించకపోయినా, హింసించినా భార్యకు నికాహ్ నుంచి విముక్తి పొందడం ఎంతో కష్టంగా ఉండేది. ఆ సంకెల తెంచుకోవడానికి కొందరు స్త్రీలు మతాన్నే వదలిపెట్టవలసిన దుస్థితి వచ్చింది. ఆ వేదన చూసిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ, మరికొందరు ఉలమా 1930ల తొలినాళ్ళలో పరిష్కారం వెతికారు. ఇటువంటి సందర్భాల్లో స్త్రీకి వెసులుబాటు ఇచ్చే మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించవచ్చని శాస్త్రీయంగా నిరూపించారు. ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టారు. 1939 మార్చిలో అది చట్టమయింది. ఆలిమ్ పాండిత్యం, శాసనకర్త నైపుణ్యం ఒకచోట కలిసినప్పుడు షరీఅత్ పరిధిలోనే స్త్రీకి న్యాయం దొరికింది. దాదాపు తొమ్మిది దశాబ్దాలుగా లెక్కలేనంతమంది ముస్లిం స్త్రీలు ఆ చట్టం కిందనే విముక్తి పొందారు.

సంస్కరణ ఒక్క మన సమాజానికే సంబంధించిన పరీక్ష కూడా కాదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయనను వెలివేసింది సొంత సమాజమే. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలంలో, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా, మన తెలుగు నేల మీద వచ్చింది. దేశమంతటికీ అది విస్తరించడానికి 2005 దాకా పట్టింది. ప్రతి సమాజమూ తన ఇంటిని తానే చక్కదిద్దుకుంటూ వచ్చింది, అదీ ఎంతో కాలం తీసుకుని. మన నుంచి మాత్రం ఒక్క రాత్రిలో అంతా మారిపోవాలని అడగడం న్యాయం కాదు. అలాగే ఏ మార్పూ అక్కరలేదని మనం అనుకోవడమూ వివేకం కాదు.

తీర్పుల పరంపర చెప్పే పాఠం

షాబానో కేసు మనందరికీ పేరుగా తెలుసు. 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆమెకు హైకోర్టు నిర్ణయించిన భరణం నెలకు 179 రూపాయల 20 పైసలు. మనం అంతగా గమనించని సంగతి మరొకటుంది. ఆమె భర్త వృత్తిరీత్యా న్యాయవాది. ఒక ఇంట్లో చట్టం తెలిసినవారు ఒకవైపే ఉన్నప్పుడు రెండోవైపు ఎంత నిస్సహాయంగా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఆ తీర్పుపై వచ్చిన ఆందోళనతో 1986లో పార్లమెంటు విడాకులు పొందిన ముస్లిం స్త్రీల హక్కుల చట్టం చేసింది. భరణం ఇద్దత్ కాలానికే పరిమితమయిందని అందరూ అనుకున్నారు. షాబానో తరఫున వాదించిన సీనియర్ న్యాయవాది డానియల్ లతీఫీ ఆ చట్టాన్ని సవాలు చేశారు. 2001 సెప్టెంబరు 28న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చట్టాన్ని కొట్టివేయలేదు. అందులోని పదాలను శ్రద్ధగా చదివి, ఇద్దత్ గడువులోగా భర్త ఆమె భవిష్యత్తు మొత్తానికీ సరిపడే న్యాయమైన ఏర్పాటు చేయాలని తేల్చింది. స్త్రీకి వ్యతిరేకమని అందరూ భావించిన చట్టమే ఆమెకు రక్షణగా మారింది. పదాన్ని చదవగలిగిన వకీలు ఉంటే ఎంత తేడా వస్తుందో చూడండి.

ఈ పరంపరలో తాజా మలుపు మన హైదరాబాద్ నుంచే వచ్చింది. విడాకులు పొందిన ఒక మహిళకు ఇక్కడి ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల మధ్యంతర భరణం నిర్ణయించింది. తెలంగాణ హైకోర్టు దానిని 10,000కు తగ్గించింది. అసలు 1986 చట్టం ఉండగా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ ముస్లిం స్త్రీకి వర్తించదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2024 జులై 10న జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఆ వాదన తోసిపుచ్చింది. 125వ సెక్షన్ అందరు స్త్రీలకూ వర్తిస్తుందనీ, 1986 చట్టం అదనపు మార్గమే తప్ప ఆటంకం కాదనీ స్పష్టం చేసింది. ఇప్పుడు ఆ సెక్షన్ భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144గా ఉంది. ఈ సంఖ్య మార్పయినా మన ఊళ్ళో పంచాయితీ చేసే పెద్దమనుషులకు తెలుసా? తెలియకపోతే వారు ఆ స్త్రీకి చెప్పే సలహా ఎలా ఉంటుంది?

ఖులా విషయంలోనూ తెలంగాణ హైకోర్టు 2025 జూన్ 24న ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. జస్టిస్ మౌసుమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్.మధుసూదన్ రావు ధర్మాసనం ఖులా కోరే హక్కు భార్యకు సంపూర్ణమైనదనీ, దానికి భర్త అంగీకారం తప్పనిసరి కాదనీ చెప్పింది. ముఫ్తీ ఇచ్చే పత్రం సలహా మాత్రమేననీ, వివాదం కోర్టుకు వస్తే సుదీర్ఘ విచారణ లేకుండా, సయోధ్యకు ప్రయత్నం జరిగిందా, మహర్ తిరిగి ఇస్తానన్నదా అని చూసి ముగించాలనీ పేర్కొంది. కేరళ హైకోర్టు 2021లోనే ఈ దిశగా నడిచింది.

ఈ తీర్పుతో ఏకీభవించని ఉలమా ఉన్నారు. ఖులాలో భర్త సమ్మతి అవసరమని హనఫీ పండితులలో అధిక సంఖ్యాకుల అభిప్రాయం. అయితే దివ్య ఖురాన్ బఖరా సూరా 229వ ఆయత్, సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య తనకు మహర్‌గా వచ్చిన తోటను తిరిగి ఇచ్చి విడిపోయిన హదీసు ఈ చర్చకు పునాదులు. అక్కడ దైవప్రవక్త (స) ఇచ్చింది ఆదేశమా, సలహానా అన్నది ధర్మవేత్తలు శతాబ్దాలుగా చర్చించిన ప్రశ్న. ఈ చర్చ కోర్టులో జరిగినప్పుడు ఇరువైపులా ఆ మూలాలు చదివినవారు ఉండాలి. ఏకీభవించినా, విభేదించినా చదువుతోనే చేయాలి.

మనం ఆలస్యం చేస్తే

తక్షణ మూడు తలాక్ విషయం గుర్తు చేసుకుందాం. ఒకే ఊపిరిలో మూడుసార్లు తలాక్ చెప్పడం బిద్అత్ అని మన పండితులే అంటూ వచ్చారు. గౌహతి హైకోర్టులో జస్టిస్ బహరుల్ ఇస్లాం, తగిన కారణం, సయోధ్య ప్రయత్నం లేని తలాక్ చెల్లదని ఖురాన్ నిసా సూరా 35వ ఆయత్ వెలుగులో తీర్పు రాశారు. 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఈ దారిని మనం సామాజికంగా ముందుకు తీసుకెళ్ళి ఉంటే, ఖాజీలు నికాహ్‌నామాలోనే షరతుగా చేర్చి ఉంటే, తరువాతి చరిత్ర వేరుగా ఉండేది.

మనం ఆ పని చేయలేదు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో తక్షణ తలాక్ చెల్లదని చెప్పింది. అక్కడితో ఆగలేదు. 2019లో పార్లమెంటు దానిని మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడే నేరంగా మార్చింది. చెల్లని మాట చెప్పినందుకు జైలు ఎందుకు? జైల్లో ఉన్న భర్త భార్యాబిడ్డలను ఎలా పోషిస్తాడు? భార్యను వదిలేసి వెళ్ళిపోయిన ఇతర మతాల భర్తలకు లేని శిక్ష ఒక్క ముస్లిం భర్తకే ఎందుకు? ఈ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. కాని వాటిని మనం సకాలంలో, చట్టం భాషలో, మన స్త్రీల గొంతుతో అడగలేకపోయాం. మనం ఖాళీగా వదిలిన చోటును ఇతరులు నింపారు.

ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి ఉమ్మడి పౌరస్మృతి అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డు తెగలను దాని నుంచి మినహాయించారు. మనకు మినహాయింపు లేదు. ఇంతకు ముందు 21వ లా కమిషన్ 2018 ఆగస్టు 31న విడుదల చేసిన పత్రంలో, ఈ దశలో ఉమ్మడి పౌరస్మృతి అవసరమూ కాదు, వాంఛనీయమూ కాదని చెప్పి, ప్రతి పర్సనల్ లాలోని వివక్షను ఆయా చట్టాల్లోనే సరిదిద్దాలని సూచించింది. ఆ సూచన మనకు దొరికిన మంచి అవకాశం. దానిని అందిపుచ్చుకుని మన వైపు నుంచి ముసాయిదాలు రాసేవారు కావాలి. ముసాయిదా రాయడం ఉపన్యాసం ఇవ్వడం వంటిది కాదు. అది నేర్చుకోవలసిన విద్య.

విడాకులు మాత్రమే కాదు

కుటుంబ చట్టం అంటే తలాక్ అనే భావన కూడా మనకు బయటివారు అంటించినదే. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక భూమి విలువ ఎలా పెరిగిందో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. తండ్రి పోయాక ఆ భూమి ప్లాట్లుగా మారే రోజున, షరీఅత్ ప్రకారం కూతురికి కొడుకు వాటాలో సగం, పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు వస్తాయి. కొడుకు వాటాలో సగమే ఎందుకని ప్రశ్నించేవారికి మనం ఎన్నో సమాధానాలు చెబుతాం. కాని ఆ సగమైనా ఎందరు అక్కాచెల్లెళ్ళ చేతికి అందుతోంది? పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టే స్త్రీలు మన ఊళ్ళలో లేరా? షరీఅత్ రక్షణ గురించి మాట్లాడే మగవారు నిసా సూరా నిర్దేశించిన వాటాను సొంత చెల్లెలికి ఇవ్వకపోతే ఆ మాటకు బరువేముంటుంది?

ఇక్కడ చట్టంలోనూ ఒక చిక్కు ఉంది. 1937 చట్టం వ్యవసాయ భూమిని తన పరిధి నుంచి మినహాయించింది. అప్పట్లో ఆంధ్ర జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ తెచ్చి ఆ మినహాయింపును తొలగించింది. నిజాం పాలనలో ఉన్న ప్రాంతపు చట్ట చరిత్ర వేరు. ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాల ముస్లిం స్త్రీల భూమి హక్కుకు వేర్వేరు దారులున్నాయన్నమాట. శామీర్‌పేటలో కూర్చుని చదువుకునే మన విద్యార్థి ఎవరైనా దీనిపై ఒక పరిశోధన పత్రం రాస్తే, అది వేలాది కుటుంబాలకు ఉపయోగపడుతుంది.

మూడు అభ్యంతరాలు

ఉలమా ఉండగా విశ్వవిద్యాలయం ఎందుకని కొందరు అడుగుతారు. ఉలమా స్థానం ఉలమాదే. దారుల్ ఖజాలు కుటుంబాలను కలపడంలో చేస్తున్న సేవ విలువైనది. కాని 2014 జులైలో సుప్రీంకోర్టు, అవి కోర్టులు కావనీ, వాటి ఫత్వాకు చట్టబద్ధమైన బలం లేదనీ తేల్చింది. వాటిని నిషేధించనూ లేదు. అంటే అక్కడ కుదిరిన రాజీ రేపు ఫ్యామిలీ కోర్టులో నిలబడాలంటే రెండు భాషలూ తెలిసినవారు కావాలి. ఆలిమ్‌లు లా చదవాలి. లా చదివినవారు ఆలిమ్‌ల దగ్గర కూర్చోవాలి.

విశ్వవిద్యాలయంలో చదివితే పిల్లలు ధర్మాన్ని ప్రశ్నిస్తారని రెండో అభ్యంతరం. ప్రశ్నిస్తారు. మన ఇమాములు తమ గురువులనే ప్రశ్నించారు. అందుకే నాలుగు మజ్హబ్‌లు వచ్చాయి. ఇమామ్ అబూ హనీఫా శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ ఎన్నో మసాయిల్‌లో గురువుతో విభేదించారు. ప్రశ్నకు భయపడే విశ్వాసం బలహీనమైనది. జవాబు వెతకడం నేర్పని చదువు అంతకన్నా బలహీనమైనది.

ఖర్చు, భాష, అమ్మాయిల భద్రత మూడో అభ్యంతరం. ఇది నిజమైన కష్టం. నల్సార్ వంటి సంస్థల్లో ప్రవేశానికి జరిగే క్లాట్ పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది, ఫీజులూ ఎక్కువే. కాని రాష్ట్రంలో లాసెట్ ద్వారా ప్రవేశం ఇచ్చే కళాశాలలు అనేకం ఉన్నాయి. ఇంటర్ తరువాత అయిదేళ్ళు, డిగ్రీ తరువాత మూడేళ్ళు చదవవచ్చు. వాటిలో బీసీ-ఇ వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. వివాహం తరువాత ఇంట్లో ఉండిపోయిన పట్టభద్రులైన మన కోడళ్ళకు ఆ మూడేళ్ళ కోర్సు తగిన దారి. రాష్ట్రంలో రెండు వందలకు పైగా ఉన్న మైనారిటీ గురుకులాల్లో ఇంజనీరింగ్, మెడికల్ శిక్షణతో పాటు క్లాట్, లాసెట్ శిక్షణ కూడా ఇవ్వాలని ప్రభుత్వాన్ని మనం అడగాలి.

ఎవరేం చేయాలి

విశ్వవిద్యాలయాల నుంచి మనం కోరవలసినవి ఉన్నాయి. ముస్లిం లా బోధన ముల్లా గ్రంథంతో, తలాక్ తీర్పులతో ముగిసిపోకూడదు. మూల గ్రంథాల పరిచయం ఉండాలి. నికాహ్‌నామాలో షరతులు రాయడం, తలాఖె తఫ్వీజ్ ద్వారా భార్యకు విడాకుల అధికారం ఇవ్వడం, మహర్‌ను ఆస్తి రూపంలో భద్రపరచడం వంటి ఆచరణాత్మక విషయాలు నేర్పాలి. ఉలమాను, ఖాజీలను తరగతికి ఆహ్వానించాలి. మొరాకో 2004లో తెచ్చిన కుటుంబ స్మృతి వంటి ముస్లిం దేశాల అనుభవాలను బోధించాలి. న్యాయ సహాయ కేంద్రాలను విద్యార్థులు మేడ్చల్, శామీర్‌పేట బస్తీలకు తీసుకురావాలి. అక్కడ ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడేవారు కూర్చోవాలి.

మన వంతు పని అంతకన్నా ముందు మొదలవుతుంది. ప్రతి మసీదు కమిటీ ఏటా ఒక్క విద్యార్థినికైనా న్యాయ విద్య ఫీజు భరించగలదు. జకాత్ నిబంధనలకు లోబడే అర్హులైనవారికి ఇవ్వవచ్చు. నికాహ్ నిశ్చయమైన ఇంట్లో విందు లెక్కలు వేసే ముందు నికాహ్‌నామా షరతులు ఇరు కుటుంబాలూ చదువుకోవచ్చు. లా చదివిన అమ్మాయి ఇంట్లో ఉంటే ఆ చదివి వినిపించే పని ఆమెకే అప్పగించవచ్చు. సంబంధం చూసేటప్పుడు, అమ్మాయి లా చదివిందంటే వాదిస్తుందేమో అని వెనక్కి తగ్గే అలవాటు మానుకోవాలి. హక్కు తెలిసిన స్త్రీ ఇల్లు కూల్చదు. తన హక్కూ, భర్త హక్కూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఆమెకు తెలుసు.

క్లాట్ పరీక్ష ప్రతి ఏటా డిసెంబరులో జరుగుతుంది. లాసెట్ ఆ తరువాత వస్తుంది. ఈ సంచిక చదివిన కుటుంబాలలో ఇంటర్, డిగ్రీ చదువుతున్న ఆడబిడ్డ ఉంటే, ఆ రెండు దరఖాస్తుల సంగతి ఈ వారమే ఆమెతో మాట్లాడండి. మన కుటుంబాల గురించి రేపు రాయబోయే చట్టం ముందు కూర్చునేవారిలో ఆమె కూడా ఉండాలి.